ఎయిర్ రైఫిల్‌కి మీ చేతికి కుదిరే గ్రిప్ ఎంచుకోవడం ఎలా?

ఒకరోజు సాయంత్రం హైదరాబాద్ గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో నా పక్క లేన్‌లో పద్నాలుగేళ్ల అమ్మాయి ప్రాక్టీస్ చేస్తోంది. ముప్పై షాట్ల దాకా బాగానే కొట్టింది. ఆ తర్వాత ప్రతి షాట్‌కీ రైఫిల్‌ని స్టాండ్ మీద పెట్టి కుడిచెయ్యి దులుపుకోవడం మొదలుపెట్టింది.

"ఏమైందమ్మా?" అని అడిగాను.

"చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందక్కా. గట్టిగా పట్టుకోవద్దని కోచ్ సార్ అంటారు. వదులుగా పట్టుకుంటేనేమో ట్రిగ్గర్ అందట్లేదు."

ఆ అమ్మాయి చెయ్యి చూశాను. క్లబ్ రైఫిల్‌కి ఉన్నది పెద్ద సైజు గ్రిప్, అంటే ట్రిగ్గర్ వెనక కుడిచేత్తో పట్టుకునే పిడి. వేలు ట్రిగ్గర్‌కి అందించడానికి అరచెయ్యి మొత్తాన్ని కుడి పక్కకి తిప్పుకుని పట్టుకుంటోంది. మణికట్టు వంకర తిరిగింది, బరువంతా కింది రెండు వేళ్ల మీద పడింది. అలా అరవై షాట్లు కొడితే ఎవరి వేళ్లయినా తిమ్మిరెక్కుతాయి.

నేనూ మొదటి ఏడాదిన్నర సరిగ్గా ఇదే తప్పు చేశాను. "పెద్దవాళ్లందరికీ లార్జ్ సరిపోతుంది మేడమ్" అని అమ్మినాయన చెప్తే నమ్మి కొనేశాను. షాపులో పట్టుకుంటే చేతినిండా వచ్చి హాయిగా అనిపించింది. నలభయ్యో షాట్ దగ్గరికి వచ్చేసరికి మణికట్టు లాగేది, నా ఒంట్లో బలం చాలట్లేదేమో అనుకునేదాన్ని. అందుకే ఈ గైడ్‌లో మొదటి నుంచి చివరి దాకా ఒకటే మాట పట్టుకుని వెళ్తాను: గ్రిప్ హాయిగా ఉందో లేదో తేలేది షాపులో పట్టుకున్న ఐదు సెకన్లలో కాదు, చివరి పది షాట్లలో. పోటీలో 60 షాట్లకి గంటా పావు టైమ్ ఇస్తారు. ఆ గంటా పావు అయ్యాక కూడా మీ చెయ్యి మీకు గుర్తు రాకూడదు.

ఇక్కడ చెప్పేదంతా 10 మీటర్ల పోటీ ఎయిర్ రైఫిల్ గురించి, అదీ కుడిచేతితో కాల్చేవాళ్ల వైపు నుంచి. ఎడమచేతి వాటం వాళ్లు పక్కలు మార్చి చదువుకోండి. లైసెన్స్ ఉన్న .22 లాంటి తుపాకీ అయితే సొంతంగా విప్పొద్దు, లైసెన్స్ ఉన్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే మనిషి) చేతే చేయించండి.

ముందు తప్పు గ్రిప్‌దేనా అని తేల్చుకోండి

చెయ్యి నొప్పి అనగానే కొత్త గ్రిప్ కొనడానికి పరిగెత్తకండి. నేను చూసినవాళ్లలో చాలామందికి అసలు తేడా వేరేచోట ఉంది. భుజానికి ఆనే బట్‌ప్లేట్ మరీ పొడవుగా బయటికి లాగి ఉంటే గ్రిప్ మీకు దూరమవుతుంది, చెయ్యి సాగదీసి పట్టుకోవాల్సి వస్తుంది. చెంప ఆనించే చీక్‌పీస్ తక్కువ ఎత్తులో ఉంటే తల వంగుతుంది, భుజం పైకి లేస్తుంది, ఆ బిగుతు మోచేతి మీదుగా వేళ్ల దాకా దిగుతుంది.

ఇంకొకటి ట్రిగ్గర్ బ్లేడ్, అంటే వేలు ఆనించి లాగే ముక్క. పోటీ రైఫిళ్లలో బ్లేడ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలు ఉంటుంది. చిన్న స్క్రూ ఒకటి వదులు చేసి, జరిపి, మళ్లీ బిగించడమే. వేలు అందకపోవడమే మీ సమస్య అయితే ముందు బ్లేడ్‌ని వెనక్కి జరిపి చూడండి. పైసా ఖర్చు లేదు. ఆ అమ్మాయి విషయంలో కోచ్ సార్‌ని అడిగి మేము మొదట చేసింది ఇదే. సగం సమస్య తీరింది, మిగతా సగానికి గ్రిప్ మార్చాల్సి వచ్చింది.

రైఫిల్‌ని ముట్టుకునే ముందు లోపల పెల్లెట్ (గుండు) లేదని చూసుకోండి, సేఫ్టీ ఫ్లాగ్ (రైఫిల్ ఖాళీ అని చూపించే రంగు తీగ) పెట్టండి, బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచండి. ఇంట్లో సోఫాలో కూర్చుని సర్దుతున్నా ఇదే పద్ధతి, అక్కడ బ్యారెల్ మనుషులు లేని వైపు ఉండాలి.

చెయ్యి కొలుచుకోండి

ఒక ఏ4 కాగితం మీద కుడిచెయ్యి బోర్లా పెట్టి, బొటనవేలు పక్కకి చాపి, పెన్సిల్‌తో గీత గీయండి. మూడు కొలతలు మిల్లీమీటర్లలో రాసుకోండి. ఒకటి, మణికట్టు ముడత నుంచి మధ్యవేలి కొస దాకా. రెండు, బొటనవేలు తప్ప మిగతా నాలుగు వేళ్ల మొదళ్ల దగ్గర అరచేతి వెడల్పు. మూడోది అన్నిటికంటే ముఖ్యం, దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందు నుంచి చూపుడువేలి చివరి కణుపు మధ్య దాకా. ట్రిగ్గర్‌కి తగలాల్సింది ఆ చివరి కణుపు మెత్తటి భాగం కాబట్టి, గ్రిప్ వెనక భాగం నుంచి ట్రిగ్గర్ దాకా ఉండే దూరం ఈ కొలతకి సరిపోవాలి.

నా చెయ్యి పొడవు 176 మిల్లీమీటర్లు. పొడవును మాత్రమే చూస్తే ఒక కంపెనీ పట్టికలో మీడియం, ఇంకో కంపెనీ పట్టికలో స్మాల్ వస్తుంది. కాబట్టి "నాది మీడియం" అని గుర్తుపెట్టుకోవడం కంటే కొలతలున్న కాగితాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోవడం మంచిది. అమ్మేవాళ్లకి ఆ ఫొటోనే పంపండి.

పిల్లలకి కొంటున్న తల్లిదండ్రులకి ఒక మాట. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాక, ఇక్కడ రేంజ్‌లకి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు పెరిగారు. ఉత్సాహంలో పన్నెండేళ్ల పిల్లాడికి ఖరీదైన వాల్‌నట్ గ్రిప్ కొనేస్తారు. ఆ వయసులో చెయ్యి ఏడాదికేడాది పెరుగుతుంది. సీనియర్ల దగ్గర వాడిన స్మాల్ గ్రిప్ దొరికితే తీసుకోండి. ఆరునెలలకోసారి కాగితం మీద చెయ్యి మళ్లీ గీయించండి. "పెద్దయ్యాక సరిపోతుందిలే" అని స్కూల్ యూనిఫామ్ కొన్నట్టు పెద్ద సైజు మాత్రం వద్దు, ఆ వయసులో పడిన వంకర పట్టు తర్వాత మాన్పించడం చాలా కష్టం.

మీ రైఫిల్‌కి ఏది ఎక్కుతుందో కనుక్కోండి

అల్యూమినియం స్టాక్ (బ్యారెల్‌ని మోసే రైఫిల్ చట్రం) ఉన్న పోటీ రైఫిళ్లలో గ్రిప్ సాధారణంగా విడి భాగం. అలెన్ కీతో బోల్టు తీస్తే వచ్చేస్తుంది. ఒకే చెక్కలో చెక్కిన పాత స్టాక్ అయితే గ్రిప్ మార్చే వీలుండదు, సాండ్‌పేపర్‌తో సాన పట్టడమో పుట్టీ పూత వెయ్యడమో చేయాలి. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తెర్, అన్షుట్జ్, స్టైయెర్ రైఫిళ్ల గ్రిప్‌లు ఒకదానివి ఇంకోదానికి ఎక్కుతాయని అనుకోవద్దు. ఒకే కంపెనీ పాత మోడల్‌కీ కొత్త మోడల్‌కీ కూడా తేడా రావచ్చు. కంపెనీ పేరు, మోడల్, ఎడమా కుడా, సైజు, ఈ నాలుగూ రాసి అడగండి. గ్రిప్ విప్పి, బోల్టు కూర్చునే చోటు ఫొటో కూడా పంపితే ఇంకా మంచిది. విదేశాల నుంచి తెప్పించిన గ్రిప్‌ని తిప్పి పంపడం డబ్బుకీ టైమ్‌కీ పెద్ద దెబ్బ.

ఎడమా కుడా అన్నప్పుడు భోజనం చేసే చెయ్యి కాదు, రైఫిల్ ఏ భుజానికి పెడతారో అది చూడాలి. ఎడమ కన్ను బలమైనవాళ్లు కొందరు కుడిచేతి వాటమే అయినా ఎడమ వైపు నుంచి కాలుస్తారు.

చెయ్యి ఎలా కూర్చోవాలి?

ఇక్కడ తొందరపడకండి, అసలు పనంతా ఇక్కడే ఉంది.

రైఫిల్ లేకుండా నిలబడి కుడిచెయ్యి కిందికి వదిలేయండి. తర్వాత ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు చెయ్యి ముందుకి తెండి. మణికట్టు తిన్నగా ఉంది చూడండి, పైకీ కిందికీ పక్కలకీ వంగలేదు. గ్రిప్ పట్టుకున్నాక కూడా మణికట్టు ఇలాగే ఉండాలి. వేరేలా ఉంటే గ్రిప్ వాలు మీకు సరిపడలేదన్నమాట.

వాలు ఎంత ఉండాలనేది మీ మోచెయ్యి చెప్తుంది. నిలబడి కాల్చేటప్పుడు కుడి మోచేతిని వదులుగా కిందికి దించేవాళ్లకి దాదాపు నిటారుగా ఉన్న గ్రిప్ నప్పుతుంది. మోచేతిని పక్కకి ఎత్తి పట్టేవాళ్లకి కాస్త వెనక్కి వాలిన గ్రిప్ హాయి. పక్కవాళ్ల గ్రిప్ బాగుందని అదే కొనుక్కుని తర్వాత తిట్టుకునేవాళ్లలో చాలామంది మోచెయ్యి తేడా చూసుకోని వాళ్లే.

ఇప్పుడు వేళ్లు. మధ్యవేలు, ఉంగరం వేలు గ్రిప్‌ని తిన్నగా వెనక్కి, భుజం వైపు లాగుతూ ఉండాలి. చిటికెన వేలు ఊరికే ఆనితే చాలు. బొటనవేలు పక్కన మెత్తగా వాలాలి, నొక్కకూడదు. చూపుడువేలు మాత్రం వీటితో సంబంధం లేనట్టు విడిగా కదలాలి. అది స్టాక్ పక్కని రాసుకుంటూ వెళ్తే ట్రిగ్గర్ లాగినప్పుడల్లా రైఫిల్‌ని కొద్దిగా పక్కకి తోస్తుంది. మన టార్గెట్‌లో పది పాయింట్లు అంటే అర మిల్లీమీటరు చుక్క. అంత చిన్న చుక్క దగ్గర ఆ "కొద్దిగా" కనబడుతుంది.

చూపుడువేలికీ స్టాక్‌కీ మధ్య ఒక పోస్ట్‌కార్డు దూరేంత సందు ఉందా అని చూడండి. ట్రిగ్గర్ మీద పెట్టిన వేలు మధ్య కణుపు దగ్గర దాదాపు ఎల్ ఆకారంలో వంగాలి, చివరి కణుపు బ్యారెల్‌కి అడ్డంగా ఉండాలి. అప్పుడే లాగుడు తిన్నగా వెనక్కి వస్తుంది. గ్రిప్ మరీ లావైతే వేలు చాపుకుపోతుంది, కొసతో ట్రిగ్గర్‌ని గోకాల్సి వస్తుంది. మరీ సన్నమైతే వేలు ఎక్కువ లోపలికి వెళ్లి కణుపు ముడత ట్రిగ్గర్ మీద పడుతుంది.

పౌడర్ పరీక్ష

గ్రిప్ మీ అరచేతికి ఎక్కడ తగులుతోంది, ఎక్కడ తగలట్లేదు అన్నది కంటికి కనబడాలంటే దీనికి మించిన పద్ధతి నాకు దొరకలేదు. గ్రిప్‌ని పొడిగుడ్డతో తుడవండి. అరచేతికి ముఖానికి రాసుకునే టాల్కం పౌడర్ పల్చగా పట్టించండి. మామూలుగా పొజిషన్‌లోకి (కాల్చే భంగిమలోకి) వచ్చి, రైఫిల్ ఎత్తి, పది సెకన్లు గురిపెట్టి, దించి, చెయ్యి మెల్లగా తీయండి.

గ్రిప్ మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి. అరచేతి అచ్చు గ్రిప్ అంతటా ఒకేలా పల్చగా పరుచుకుంటే ఆ గ్రిప్ మీకు కుదిరినట్టే. నా లార్జ్ గ్రిప్ మీద ఏం కనబడిందంటే, బొటనవేలి కింది దిమ్మ దగ్గర రూపాయి బిళ్లంత దట్టమైన తెలుపు, చిటికెన వేలి దగ్గర ఇంకొకటి, మధ్యలో నల్లటి చెక్క అలాగే ఉంది. అంటే ఏడాదిన్నరగా రైఫిల్‌ని రెండు బిందువుల మధ్య నొక్కి పట్టుకుంటున్నాను. మణికట్టు ఎందుకు లాగుతోందో ఆ రోజు అర్థమైంది. నల్లటి గ్రిప్ కాకుండా లేత రంగు చెక్క అయితే పౌడర్‌కి బదులు పిల్లల రంగు చాక్‌పీస్ పొడి వాడండి. అయ్యాక గుడ్డతో తుడిచెయ్యండి.

చెక్కా, ప్లాస్టిక్కా?

వాల్‌నట్ చెక్క చేతికి హాయిగా ఉంటుంది, సాన పట్టుకోవచ్చు, చెమటని కాస్త పీల్చుకుంటుంది. పల్చటి పొరలు అతికించిన లామినేటెడ్ చెక్క తేమకి ఉబ్బడం, వంకర పోవడం తక్కువ, వానాకాలంలో ఆ తేడా తెలుస్తుంది. నిగనిగలాడే వార్నిష్ ఉన్న చెక్క మాత్రం తడి చేతిలో జారుతుంది. నూనె పట్టించిన చెక్కే మేలు.

ప్లాస్టిక్ గ్రిప్ చవక, తుడుచుకోవడం తేలిక. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి సాన పట్టడానికి పనికిరాదు. ఈమధ్య త్రీడీ ప్రింటింగ్‌తో చేతి కొలతకి చేయించుకునేవాళ్లు ఎక్కువయ్యారు. మంచి ఆలోచనే. అయితే ఏ పదార్థంతో చేస్తున్నారో అడగండి. పీఎల్ఏ అనే మామూలు ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో మన ఊళ్లో ఎండలో నిలిపిన కారులో అంత వేడి పుట్టడం మామూలే. రైఫిల్ కేస్ కారులో వదిలేసి మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేసరికి గ్రిప్ ఆకారం మారిపోవచ్చు.

రూల్ బుక్ మర్చిపోవద్దు

పోటీలకి వెళ్లేవాళ్లు కొనేముందు ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) తాజా నిబంధనలు చదవాలి. ఎయిర్ రైఫిల్‌లో బొటనవేలు దూరే రంధ్రం, బొటనవేలు ఆనించే మెట్టు, చెయ్యి జారకుండా ఆపడానికి గ్రిప్ నుంచి పొడుచుకొచ్చే దిమ్మ, ఇవేవీ ఒప్పుకోరు. పట్టు పెంచే పదార్థం గ్రిప్‌కి అతికించకూడదు. క్రికెట్ బ్యాట్‌కి చుట్టే రబ్బరు, టెన్నిస్ టేప్ చుట్టుకుని వచ్చి ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (పోటీ సామాను తనిఖీ) దగ్గర టెన్షన్ పడిన పిల్లల్ని చూశాను. గ్రిప్ ఎడమచేతి మీద ఆనేలా కూడా ఉండకూడదు. రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు మించకూడదు కాబట్టి, బరువైన గ్రిప్ పెడితే మరోసారి తూకం వేసుకోండి.

అరువు తెచ్చుకుని కొట్టి చూడండి

మన రేంజ్‌లలో నాకు నచ్చే విషయం, అడిగితే ఎవరూ కాదనరు. "అన్నా, ఒక్క అరగంట మీ గ్రిప్ పెట్టి చూడనా?" అంటే అలెన్ కీ కూడా వాళ్లే ఇస్తారు. కనీసం రెండు సైజులు, రెండు వాలులు ఇలా పరీక్షించండి.

మొదట డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ లాగడం. చాలా పోటీ రైఫిళ్లలో గాలి వాడకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే ఏర్పాటు ఉంటుంది, అది పెట్టుకోండి. కళ్లు మూసుకుని పొజిషన్‌లోకి వచ్చి, గ్రిప్ పట్టుకుని, మూడు ఊపిరులు తీసి, కళ్లు తెరవండి. చెయ్యి మొదటిసారే సరైన చోట కూర్చుందా, వేళ్లతో వెతుక్కోవాల్సి వచ్చిందా? ఇరవై సార్లు చేస్తే ఇరవై సార్లూ చెయ్యి ఒకేచోట పడాలి. నా లెక్కలో మెత్తదనం కంటే ఇదే పెద్ద గుణం.

తర్వాత పూర్తి 60 షాట్లు, టైమ్ పెట్టుకుని. స్కోరు కంటే చేతి సంగతి రాసుకోండి. 20, 40, 60 షాట్ల దగ్గర ఆగి, ఎక్కడ నొప్పి, ఎక్కడ తిమ్మిరి, ఎక్కడ చెమట అని ఒక్కో ముక్క రాయండి. కొత్త గ్రిప్‌తో మొదటి రోజు స్కోరు తగ్గడం మామూలే, దానికి బెంబేలెత్తొద్దు. కనీసం నాలుగైదు రోజులు చూశాకే కొనాలా వద్దా తేల్చండి. ఆ నాలుగైదు రోజుల్లో ఇంకేదీ మార్చకండి. గ్రిప్, బట్‌ప్లేట్, బూట్లు ఒకే వారంలో మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు.

దగ్గరగా ఉన్నదాన్ని చేతికి తెచ్చుకోవడం

షాపు గ్రిప్ నూటికి నూరు శాతం కుదరడం అరుదు. పక్క హాల్లో పిస్టల్ వాళ్లని చూడండి, గ్రిప్‌కి పూత వేస్తూ, అరగదీస్తూ ఉంటారు. వాళ్లకి గ్రిప్పే సగం ఆట. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ పిస్టల్‌లో నాలుగు పతకాలు తెచ్చాక ఆ హాల్లో సందడి ఇంకా పెరిగింది. రైఫిల్ వాళ్లం ఈ పని వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. గ్రిప్ మీ సొంతమైతేనే చేయండి. క్లబ్‌ది అయితే ముట్టుకోవద్దు.

పౌడర్ పరీక్షలో ఖాళీ కనబడిన చోట ముందు పిల్లలు ఆడుకునే క్లే పెట్టి, ఒక సెషన్ డ్రై ఫైర్ చేయండి. బాగుంటే ఆ మందం గుర్తుపెట్టుకుని, క్లే తీసేసి, ఎం-సీల్ లాంటి ఎపాక్సీ పుట్టీ వేయండి. రెండు ముద్దలు సమానంగా తీసుకుని రంగు ఒకటయ్యేదాకా పిసకాలి. పెట్టాల్సిన చోట గ్రిప్‌ని సాండ్‌పేపర్‌తో కాస్త గరుకు చేస్తే పుట్టీ పట్టుకుంటుంది. పైన పల్చటి ప్లాస్టిక్ కవరు వేసి, మామూలు పట్టుతో, నొక్కకుండా పట్టుకోండి. మీ చేతి అచ్చు పడుతుంది. కవరు తీసి, ఒక రోజంతా వదిలేయండి.

ఆరాక 80 నంబరు సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 180, ఆపైన 320తో నునుపు చేయండి. మాస్క్ తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. పది రుద్దులకోసారి పట్టుకుని చూడండి. తీసేసిన చెక్క మళ్లీ రాదు. పూత ఎంత వేసినా గ్రిప్ ఆకారం పైన చెప్పిన నిబంధనలు దాటకూడదు. దిమ్మలూ మెట్లూ తయారు చేయొద్దు.

సామాను కోసం నేను రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపులకి వెళ్తాను, అలెన్ కీలూ సాండ్‌పేపర్లూ అక్కడ విడిగా ఒక్కొక్కటి ఇస్తారు. కీ సైజు సరిగ్గా సరిపోయేది తీసుకోండి. కొంచెం వదులైన కీతో తిప్పితే బోల్టు తల అరిగిపోయి, తర్వాత గ్రిప్ విప్పడమే కష్టమవుతుంది.

బిగించడం

పాత గ్రిప్ తీసే ముందు దాని వాలు, ఎత్తు తెలిసేలా పక్క నుంచి ఫొటో తీసుకోండి. కొత్తది పెట్టి, బోల్టు సగం బిగించి, పొజిషన్‌లోకి వచ్చి, మణికట్టు తిన్నగా ఉందో లేదో పక్కవాళ్లని చూడమనండి, వీలైతే వీడియో తీయించుకోండి. కుదిరాక పూర్తిగా బిగించండి. బలమంతా పెట్టొద్దు, చెక్క చీలుతుంది. గ్రిప్‌కీ స్టాక్‌కీ కలిపి ఒక సన్నటి పెన్సిల్ గీత గీయండి. గ్రిప్ కదిలితే గీత విడిపోయి కనబడుతుంది. మొదటి వారం రోజూ ఆ గీత చూసుకోండి, పోటీ రోజు పొద్దున మాత్రం కచ్చితంగా చూసుకోండి.

గ్రిప్ మారితే బ్యాలెన్స్ కూడా కొద్దిగా మారుతుంది. కాబట్టి సైట్ జీరో (గురిపెట్టిన చోటే పెల్లెట్ పడేలా సైట్ సర్దుకోవడం) మళ్లీ చూసుకోవాలి, ట్రిగ్గర్ బ్లేడ్ కూడా ఇంకో మిల్లీమీటరు అటో ఇటో జరపాల్సి రావచ్చు.

ఆ అమ్మాయికి సీనియర్ ఒకరు వాడిన స్మాల్ గ్రిప్ దొరికింది. అరచేతి మధ్యలో కాస్త ఖాళీ ఉంటే వాళ్ల నాన్నగారే పుట్టీ వేసి, రెండు ఆదివారాలు కూర్చుని సాన పట్టారు. మొన్న నా పక్క లేన్‌లోనే 60 షాట్లు పూర్తిచేసింది. చివరి షాట్ తర్వాత రైఫిల్ దించి, కుడిచెయ్యి ఒకసారి చూసుకుని, ఫ్లాగ్ పెట్టి, నీళ్ల బాటిల్ మూత అదే చేత్తో తిప్పింది.